తిరుమలలో గుండు కొట్టించుకుంటే జుట్టు మళ్లీ వస్తుంది.. బట్టతల మీద ఎందుకు రాదు? గ్రోత్ ఫ్యాక్టర్ల అసలు కథ ఇదే!

జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ దగ్గర రెడ్ సిగ్నల్ పడినప్పుడు చుట్టూ ఒకసారి చూడండి. సినిమా పోస్టర్లతో పోటీ పడుతూ హెయిర్ క్లినిక్‌ల బోర్డులు కనిపిస్తాయి. పీఆర్‌పీ, జీఎఫ్‌సీ, ఎక్సోజోమ్స్, స్టెమ్ సెల్ థెరపీ.. పేర్లు వేరైనా లోపలికి వెళ్తే వినిపించే మాట ఒక్కటే. మీ కుదుళ్లకు గ్రోత్ ఫ్యాక్టర్స్ అందిస్తాం, జుట్టు మళ్లీ మొలుస్తుంది అని.

ఇందులో సైన్స్ ఎంత? మార్కెటింగ్ ఎంత? వేలకు వేలు కట్టే ముందు, అసలు తల మీద చర్మం కింద ఏం జరుగుతుందో తెలుసుకుంటే చాలా మోసాల నుంచి మనమే బయటపడొచ్చు. పెద్ద కష్టమేం కాదు. ఒక సినిమా షూటింగ్ ఎలా జరుగుతుందో తెలిస్తే చాలు, ఇదీ అర్థమైపోతుంది.

ఇక్కడ జుట్టు అంటే పెట్టుబడి

రామానాయుడు స్టూడియో, పద్మాలయా, ఫిల్మ్ ఛాంబర్.. అన్నీ ఈ చుట్టుపక్కలే. కాస్త కిందికి దిగితే కృష్ణానగర్. ఏదో ఒక రోజు తెర మీద కనిపించాలని వచ్చి, రూమ్ షేర్ చేసుకుని ఆడిషన్లకు తిరిగే కుర్రాళ్లు ఎంతమందో. అలాంటి ఒక పాతికేళ్ల కుర్రాడిని ఊహించుకోండి. పొద్దున్నే దువ్వెనకు వచ్చిన వెంట్రుకలు లెక్కపెట్టుకుంటాడు. నుదురు రెండు పక్కలా వెనక్కి జరుగుతోంది. ఆఫీసులో పనిచేసేవాళ్లకు ఇది బాధ అయితే, ఇతనికి అవకాశాల సమస్య. సరిగ్గా ఇలాంటి టైమ్‌లోనే ఫోన్‌లో "ఈఎంఐలో కొత్త జుట్టు" అని రీల్ వస్తుంది.

బట్టతల దాచుకుంటూ విగ్గుతో తిరిగే కుర్రాడి బాధను 2021లో వచ్చిన "101 జిల్లాల అందగాడు" సినిమాలో అవసరాల శ్రీనివాస్ చూపించారు. థియేటర్‌లో నవ్వుకున్నాం. కానీ అది చాలామంది ఇళ్లల్లో జరిగే కథే.

గుండుకి, బట్టతలకి తేడా ఏంటి?

తిరుమల కల్యాణకట్టలో తలనీలాలు ఇచ్చి వచ్చినవాళ్లకు కొన్ని నెలల్లో జుట్టు మామూలుగా పెరుగుతుంది. ఎందుకంటే అక్కడ కత్తి కోసేది చర్మం పైన ఉన్న భాగాన్నే. ఆ భాగంలో ప్రాణం ఉండదు. అది కెరాటిన్ అనే ప్రొటీన్‌తో తయారైన పోగు మాత్రమే. ప్రాణం ఉండేది చర్మం లోపల, కుదురులో. కత్తికి అది అందదు.

అందుకే గుండు కొట్టిస్తే జుట్టు ఒత్తుగా వస్తుందన్న మాటలో నిజం లేదు. కొత్తగా వచ్చే వెంట్రుక చివర మొద్దుగా ఉంటుంది కాబట్టి అలా అనిపిస్తుంది, అంతే. కుదుళ్ల సంఖ్య పుట్టినప్పుడు ఉన్నదే. పెరగదు.

బట్టతలలో మాత్రం సమస్య కుదురులోనే. చాలా కేసుల్లో అది పూర్తిగా చచ్చిపోదు. చిన్నదవుతూ పోతుంది. ముందు లావు వెంట్రుక వచ్చిన చోట సన్నది వస్తుంది, తర్వాత నూగు వస్తుంది, చివరికి కంటికి కనిపించనంత పలచన అయిపోతుంది.

కుదురు లోపల ఒక షూటింగ్ యూనిట్

మన తల మీద సుమారు లక్ష వెంట్రుకలు ఉంటాయి. ప్రతి కుదురూ ఒక సొంత యూనిట్ లాంటిది. దేని షెడ్యూల్ దానిదే.

షూటింగ్ జరిగే దశను ఎనాజెన్ అంటారు. ఇది 2 నుంచి 6 ఏళ్లు ఉంటుంది. ఈ టైమ్‌లో వెంట్రుక నెలకు సుమారు ఒక సెంటీమీటర్ పెరుగుతుంది. ఆ తర్వాత 2, 3 వారాల్లో యూనిట్ సర్దుకుంటుంది. అది కెటాజెన్. ఆపైన సుమారు 3 నెలల బ్రేక్. అది టెలోజెన్. బ్రేక్ అయ్యాక పాత వెంట్రుక రాలిపోతుంది, కొత్త షెడ్యూల్ మొదలవుతుంది. రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు రాలడం మామూలే అని డాక్టర్లు చెప్పేది ఇందుకే.

ఈ యూనిట్‌కి డైరెక్టర్ ఎవరు? కుదురు అడుగున ఉండే డెర్మల్ పాపిల్లా అనే చిన్న కణాల ముద్ద. నటులు ఎవరు? కుదురు మధ్యలో "బల్జ్" అనే ఉబ్బు దగ్గర నిద్రపోయే మూలకణాలు, అంటే స్టెమ్ సెల్స్. ఆ మూలకణాలు అక్కడ ఉంటాయని 1990లో పరిశోధకులు తేల్చారు. పిలుపు వచ్చేదాకా అవి కదలవు.

మరి పిలుపు ఎలా వెళ్తుంది? అక్కడే వస్తాయి గ్రోత్ ఫ్యాక్టర్లు. ఇవి ఒక కణం నుంచి ఇంకో కణానికి వెళ్లే ప్రొటీన్ మెసేజ్‌లు. అవతలి కణం పైన రిసెప్టర్ అనే తాళం ఉంటుంది. సరైన తాళంచెవి వచ్చి అందులో పడితేనే లోపలికి కబురు వెళ్తుంది. డైరెక్టర్ మాట అసిస్టెంట్‌కి, అసిస్టెంట్ నుంచి మేనేజర్‌కి, మేనేజర్ నుంచి లైట్‌మన్‌కి చేరినట్టు.. కబురు ఒక ప్రొటీన్ నుంచి మరో ప్రొటీన్‌కి చేరుతూ కేంద్రకం దాకా వెళ్తుంది. అక్కడ కొన్ని జీన్లు ఆన్ అవుతాయి. కణం విభజన మొదలుపెడుతుంది. దీన్నే సెల్ సిగ్నలింగ్ అంటారు.

"యాక్షన్" చెప్పేది ఎవరు? "కట్" చెప్పేది ఎవరు?

ఇక్కడ చాలామందికి తెలియని విషయం ఒకటుంది. అన్ని గ్రోత్ ఫ్యాక్టర్లూ జుట్టు పెంచవు. కొన్ని ఆపేస్తాయి కూడా.

వింట్ అనే సిగ్నల్ "యాక్షన్" లాంటిది. ఇది వచ్చాక బీటా కెటెనిన్ అనే ప్రొటీన్ కేంద్రకంలోకి వెళ్లి పని మొదలుపెట్టిస్తుంది. దానికి ఎఫ్‌జీఎఫ్ 7, ఎఫ్‌జీఎఫ్ 10, సోనిక్ హెడ్జ్‌హాగ్ అనే సిగ్నళ్లు తోడవుతాయి. ఐజీఎఫ్ 1 షెడ్యూల్‌ని ముందుకు నడిపిస్తుంది. వీఈజీఎఫ్ కుదురు చుట్టూ రక్తనాళాలు పెంచుతుంది. అంటే యూనిట్‌కి భోజనం, కరెంట్ చూసుకునే ప్రొడక్షన్ డిపార్ట్‌మెంట్ అన్నమాట.

ఇటువైపు బీఎంపీ అనే సిగ్నల్ మూలకణాలను నిద్రలోనే ఉంచుతుంది. టీజీఎఫ్ బీటా, ఎఫ్‌జీఎఫ్ 5 "కట్" చెబుతాయి. ఎఫ్‌జీఎఫ్ 5 పనిచేయని ఎలుకలకు బొచ్చు మామూలు కంటే చాలా పొడవుగా పెరిగిందని 1994లో బయటపడింది. పొడవు బొచ్చు కుక్కలు, పిల్లుల్లో కూడా ఇదే జీన్ తేడా కనిపించింది. "కట్" చెప్పేవాడు లేకపోతే షూటింగ్ ఆగదు కదా!

ఇంకా వింత ఏంటంటే ఈజీఎఫ్ కథ. గ్రోత్ ఫ్యాక్టర్లను కనిపెట్టినందుకు స్టాన్లీ కోహెన్, రీటా లెవి మొంటల్చినిలకు 1986లో నోబెల్ వచ్చింది. కోహెన్ కనిపెట్టినది ఈ ఈజీఎఫ్‌నే. పేరులోనే గ్రోత్ ఉంది. కానీ దాన్ని గొర్రెలకు ఇంజెక్ట్ చేస్తే ఉన్ని ఊడిపోయింది! ఆస్ట్రేలియాలో కత్తెర లేకుండా ఉన్ని తీయడానికి ఈ పద్ధతినే వాడారు. కాబట్టి "ఇందులో గ్రోత్ ఫ్యాక్టర్స్ ఉన్నాయి" అన్న ఒక్క మాటతో ఏమీ తేలదు. ఏ ఫ్యాక్టర్, ఎంత, ఎప్పుడు.. ఈ మూడూ తెలియాలి.

మరి బట్టతలకి విలన్ ఎవరు?

టెస్టోస్టిరాన్ హార్మోన్ నుంచి తయారయ్యే డీహెచ్‌టీ. 5 ఆల్ఫా రిడక్టేజ్ అనే ఎంజైమ్ ఈ మార్పు చేస్తుంది. వంశపారంపర్యంగా సున్నితంగా ఉన్న కుదుళ్లలో డీహెచ్‌టీ నేరుగా డైరెక్టర్ మీదే పని చేస్తుంది. అప్పుడు డెర్మల్ పాపిల్లా "యాక్షన్" చెప్పాల్సింది పోయి డీకేకే 1, టీజీఎఫ్ బీటా లాంటి ఆపే సిగ్నళ్లు పంపుతుంది. వింట్ గొంతు నొక్కేస్తుంది. షెడ్యూల్ ఏళ్ల నుంచి నెలలకు కుదించుకుపోతుంది.

మరి తల వెనక జుట్టు ఎందుకు ఊడదు? అక్కడి కుదుళ్లు డీహెచ్‌టీని పెద్దగా పట్టించుకోవు. ఆ కుదురుని తీసి ముందు పెట్టినా దాని స్వభావం మారదని న్యూయార్క్ డాక్టర్ నార్మన్ ఓరెంట్రైక్ 1959లో ప్రచురించారు. ఈరోజు జూబ్లీహిల్స్‌లో జరిగే ప్రతి హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్‌కీ పునాది అదే. అంటే ట్రాన్స్‌ప్లాంట్ కొత్త జుట్టు పుట్టించదు. ఉన్నదాన్ని ఒకచోట నుంచి ఇంకో చోటికి మారుస్తుంది. వెనక స్టాక్ అయిపోతే అయిపోయినట్టే. చుట్టూ ఉన్న పాత జుట్టు రాలడం కూడా దానితో ఆగదు.

మందులు ఎక్కడ పని చేస్తాయి?

మినాక్సిడిల్: ఇది మొదట బీపీ మాత్ర. అమెరికాలో 1979లో అనుమతి వచ్చింది. వాడినవాళ్లకు ఒంటి మీద జుట్టు పెరగడం చూసి, 1988లో తలకు రాసే మందుగా తెచ్చారు. ఇది కణాల్లో ఏటీపీతో నడిచే పొటాషియం తలుపులను తెరుస్తుంది. పాపిల్లా కణాల్లో వీఈజీఎఫ్ పెరిగినట్టు ల్యాబ్ పరీక్షల్లో తేలింది. అన్నట్టు ఈ ఏటీపీని 1929లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి కండరాల నుంచి వేరుచేసింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావే.

మినాక్సిడిల్ పని చేయాలంటే కుదురులో ఉండే ఒక ఎంజైమ్ దాన్ని మార్చాలి. ఆ ఎంజైమ్ తక్కువ ఉన్నవాళ్లకు ఫలితం తక్కువ. మొదటి వారాల్లో జుట్టు ఇంకా ఎక్కువ రాలొచ్చు. కంగారుపడి ఆపేస్తారు చాలామంది. పాత షెడ్యూల్ ముగిసి కొత్తది మొదలవుతోందని దాని అర్థం. తేడా తెలియాలంటే 4 నుంచి 6 నెలలు ఆగాలి. ఆపేస్తే వచ్చింది కూడా పోతుంది.

ఫినాస్టిరైడ్: ఇది ఎంజైమ్‌ని అడ్డుకుని రక్తంలో డీహెచ్‌టీని దాదాపు 70 శాతం తగ్గిస్తుంది. బట్టతలకు 1997లో అమెరికాలో అనుమతి వచ్చింది. కొందరిలో లైంగిక సమస్యలు, మూడ్ మార్పులు రావొచ్చు. గర్భిణులు దీన్ని వాడకూడదు, విరిగిన మాత్రను ముట్టుకోకూడదు కూడా. ఫ్రెండ్ వాడాడని మెడికల్ షాపులో కొనేసే మందు కాదిది.

పీఆర్‌పీ: మీ రక్తమే తీసి, గిర్రున తిప్పి, ప్లేట్‌లెట్స్ ఎక్కువున్న భాగాన్ని తలలోకి ఇంజెక్ట్ చేస్తారు. ప్లేట్‌లెట్స్‌లో పీడీజీఎఫ్, వీఈజీఎఫ్, ఈజీఎఫ్, ఐజీఎఫ్ 1 లాంటివి నిజంగానే ఉంటాయి. "కట్" చెప్పే టీజీఎఫ్ బీటా కూడా ఉంటుంది. కొన్ని అధ్యయనాల్లో మంచి ఫలితం వచ్చింది, కొన్నింట్లో పెద్ద తేడా లేదు. ఎంత రక్తం, ఎంత స్పీడ్, ఎన్ని సిట్టింగ్‌లు.. ఒక్కో క్లినిక్‌ది ఒక్కో లెక్క. సన్నబడిన కుదుళ్లకు ఇది కొంత సాయం చేయొచ్చు. నున్నగా అయిపోయిన చోట అద్భుతాలు ఆశించొద్దు. జీఎఫ్‌సీ అనేది ఇదే ఐడియాకి మరో రూపం.

మైక్రోనీడ్లింగ్: సన్నని సూదులతో చిన్న చిన్న గాట్లు పెడితే, గాయం మాన్పుకునే క్రమంలో శరీరమే గ్రోత్ ఫ్యాక్టర్లు విడుదల చేస్తుంది. ముంబై డాక్టర్లు 100 మంది మగవాళ్లపై చేసిన అధ్యయనం 2013లో వచ్చింది. 12 వారాల తర్వాత, మినాక్సిడిల్ ఒక్కటే వాడినవాళ్లలో కొలిచిన చోట సగటున 22 వెంట్రుకలు పెరిగితే, దానికి ఇది కూడా కలిపినవాళ్లలో 91 పెరిగాయి. అలాగని ఇంట్లో రోలర్ కొనుక్కుని గుచ్చుకుంటే ఇన్ఫెక్షన్ గ్యారంటీ కాకపోయినా, రిస్క్ మాత్రం మీదే.

షాంపూలు, సీరమ్‌లు: చర్మం ఒక సెక్యూరిటీ గేటు. సుమారు 500 డాల్టన్ల కంటే పెద్ద అణువులను సులభంగా లోపలికి రానివ్వదు. మినాక్సిడిల్ బరువు 209. ఈజీఎఫ్ సుమారు 6 వేలు. వీఈజీఎఫ్ సుమారు 40 వేలు. తల మీద రెండు నిమిషాలు ఉండి నీళ్లతో పోయే షాంపూలో గ్రోత్ ఫ్యాక్టర్ ఉంటే అది ఎక్కడికి వెళ్తుంది? డ్రైనేజీలోకి.

అంత తెలిస్తే నేరుగా వింట్ ఇవ్వొచ్చుగా?

మంచి ప్రశ్న. కానీ ఇవే సిగ్నళ్లు ఆగకుండా మోగితే గడ్డలు వస్తాయి. బీటా కెటెనిన్ జీన్ దెబ్బతింటే పైలోమాట్రికోమా అనే కుదురు కణితి వస్తుంది. సోనిక్ హెడ్జ్‌హాగ్ అదుపు తప్పితే బేసల్ సెల్ కార్సినోమా అనే చర్మ క్యాన్సర్ వస్తుంది. శరీరం "యాక్షన్"తో పాటు "కట్" కూడా పెట్టుకుంది అందుకే.

ల్యాబ్‌లో కుదుళ్లు పెంచడం కూడా అంత ఈజీ కాదు. పాపిల్లా కణాలను పళ్లెంలో చదునుగా పెంచితే తమ పనే మర్చిపోతాయి. ఉండలుగా పెంచితే ఆ గుణం కొంత తిరిగి వస్తుందని 2013లో ఒక పరిశోధన చూపించింది. అక్కడి నుంచి మామూలు క్లినిక్ దాకా దూరం చాలా ఉంది.

ఇక ఎక్సోజోమ్స్. కణాలు విడుదల చేసే సిగ్నళ్ల చిన్న పొట్లాలు ఇవి. ల్యాబ్‌లో ఆసక్తికరమే. కానీ ఎక్సోజోమ్ ఉత్పత్తి దేనికీ తాము అనుమతి ఇవ్వలేదని అమెరికా ఎఫ్‌డీఏ 2019 డిసెంబర్‌లోనే ప్రజలను హెచ్చరించింది.

అన్ని రాలడాలూ బట్టతల కాదు

నాణెం సైజులో గుండ్రంగా ఊడితే మన దగ్గర పేనుకొరుకుడు అంటారు. పేనుకి దీనితో సంబంధం లేదు. మన ఇమ్యూనిటీయే కుదురు మీద దాడి చేస్తుంది. ఆ దాడికి కబురు మోసేది జాక్ అనే సిగ్నల్ దారి. దాన్ని అడ్డుకునే బారిసిటినిబ్ మాత్రకు తీవ్రమైన కేసుల కోసం 2022 జూన్‌లో అమెరికాలో అనుమతి వచ్చింది. సెల్ సిగ్నలింగ్ అర్థమైతే మందు ఎలా పుడుతుందో చెప్పడానికి ఇది మంచి ఉదాహరణ.

టైఫాయిడ్, డెంగీ, డెలివరీ, క్రాష్ డైట్.. వీటి తర్వాత 2, 3 నెలలకు గుప్పెడు గుప్పెడు రాలితే అది ఎక్కువగా తాత్కాలికమే. ఒకేసారి చాలా కుదుళ్లు బ్రేక్‌లోకి వెళ్లడం వల్ల అలా జరుగుతుంది. పాత్ర కోసం నెలలో పది కిలోలు తగ్గాలనుకునేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. ఐరన్ లోపం, థైరాయిడ్ కూడా కారణం కావొచ్చు. ఇవి రక్త పరీక్షతో తేలిపోయే విషయాలు. వీటికి పీఆర్‌పీ ప్యాకేజీ కట్టడం దండగ. బిగుతుగా జడలు, ఎక్స్‌టెన్షన్లు, రోజంతా క్లిప్పులతో బిగించిన విగ్గు కూడా కుదుళ్లను లాగి దెబ్బతీస్తాయి.

ఉప్పల్ క్యూ చెప్పిన పాఠం

2025 ఏప్రిల్ గుర్తుందా? బట్టతల మీద జుట్టు మొలిపిస్తామంటే ఉప్పల్ భగాయత్‌లో జనం క్యూ కట్టారు. గుండు గీసి ఏదో ద్రావణం రాసి పంపారు. ఆ ద్రావణంలో ఏముందో రాయించుకున్నవాళ్లకు తెలియదు. ఆ టైమ్‌లో నగరంలో ఇలాంటి పూతలతో దద్దుర్లు, మంటలు వచ్చాయన్న వార్తలూ చూశాం. నవ్వడం తేలిక. కానీ ఆ క్యూలో నిలబడ్డవాళ్లు అమాయకులు అనడం కంటే, విసిగిపోయినవాళ్లు అనడం కరెక్ట్. పెళ్లి సంబంధం తప్పిపోయినవాళ్లు, ఫొటో దిగడం మానేసినవాళ్లు అందులో ఉంటారు. ఏసీ క్లినిక్‌లో లక్షలు కట్టేవాళ్లదీ అదే ఆశ. ఖరీదు మాత్రమే వేరు.

హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్ ఎవరు చేయాలన్నదానిపై నేషనల్ మెడికల్ కమిషన్ 2022 సెప్టెంబర్‌లో మార్గదర్శకాలు ఇచ్చింది. సర్జికల్ శిక్షణ ఉన్న అర్హులైన డాక్టర్లే చేయాలి. వర్క్‌షాపులో చూసో, యూట్యూబ్‌లో చూసో నేర్చుకుంటే సరిపోదని స్పష్టంగా చెప్పింది.

డబ్బు కట్టే ముందు ఈ 5 ప్రశ్నలు అడగండి

1. నాది ఏ రకం జుట్టు రాలడం? పరీక్ష చేసి చెప్పారా, చూసి చెప్పారా?

2. చేసేది డాక్టరా, టెక్నీషియనా? రిజిస్ట్రేషన్ నంబర్ ఏంటి?

3. ఇంజెక్ట్ చేసేది నా రక్తం నుంచి తీసిందా, బయట నుంచి తెచ్చిందా? దానికి ఇండియాలో అనుమతి ఉందా?

4. 6 నెలలకు ఫలితం లేకపోతే ఏం చేస్తారు? ఆపేస్తే ఏమవుతుంది?

5. ముందు మందులతో చూద్దామా అంటే డాక్టర్ ఏమంటారు?

"100 శాతం గ్యారంటీ", "ఈరోజే బుక్ చేస్తే సగం ధర" అని వినిపిస్తే లేచి వచ్చేయండి. ఏ కుదురు ఏ సిగ్నల్‌కి ఎంత స్పందిస్తుందో ముందే చెప్పగల మనిషి లేడు.

ఇప్పుడు మళ్లీ ఆ కృష్ణానగర్ కుర్రాడి దగ్గరికి వద్దాం. అతను ముందు వెళ్లాల్సింది ఈఎంఐ కౌంటర్‌కి కాదు, డెర్మటాలజిస్ట్ దగ్గరికి. పాతికేళ్ల వయసులో కుదుళ్లు ఇంకా సన్నబడే దశలోనే ఉంటాయి కాబట్టి, మందులతో నిలబెట్టుకునే ఛాన్స్ ఎక్కువ. ఆలస్యం చేస్తే ఆ ఛాన్స్ తగ్గుతుంది. తొందరపడి తప్పుడు చేతుల్లో పడితే వెనక ఉన్న స్టాక్ కూడా పోతుంది.

ఇక అన్నీ చూశాక కూడా జుట్టు రాకపోతే? విగ్గు పెట్టుకోవడం తప్పేం కాదు, ఈ ఊళ్లో అది ఎప్పటి నుంచో ఉన్న పనిముట్టే. నున్నగా గీయించుకుని కెమెరా ముందు నిలబడటమూ తప్పు కాదు. ఏది ఎంచుకున్నా తెలిసి ఎంచుకోండి. మీ ఇంట్లోనో, మీ రూమ్‌లోనో ఎవరైనా రేపు క్లినిక్‌కి అడ్వాన్స్ కట్టబోతుంటే, ముందు ఆ 5 ప్రశ్నలు స్క్రీన్‌షాట్ తీసి పంపండి.